చీటీ నుంచి కంప్యూటర్‌కు: రోగి వివరాలు మన దగ్గర అమానత్

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక ఫ్యామిలీ డాక్టర్ చేసిన ప్రసంగ పాఠం)





కార్యదర్శి గారు నన్ను ఆరోగ్య సూత్రాల మీద మాట్లాడమన్నారు. ప్రతి ఏడూ ఈ వేదిక మీద ఉప్పు తగ్గించండి, రోజూ నడవండి అని మేం చెబుతూనే ఉన్నాం, మీరు వింటూనే ఉన్నారు, సభ అయ్యాక అందరం కలిసి బిర్యానీ తింటూనే ఉన్నాం. అందుకని ఈసారి వేరే విషయం మాట్లాడతానని అనుమతి అడిగాను. నా క్లినిక్‌లో కాగితం చీటీలు మాని, రోగుల వివరాలు కంప్యూటర్‌లో రాయడం మొదలుపెట్టి ఆరేళ్లయింది. మన డిస్పెన్సరీలో కూడా అలా చేయాలన్న ప్రతిపాదన ఇప్పుడు కార్యవర్గం ముందు ఉంది. మీరు నిర్ణయం తీసుకునే ముందు అందులో మంచీ చెడూ, నేను చేసిన తప్పులతో సహా, మీ ముందు పెట్టడం నా బాధ్యత అనుకుంటున్నాను.

నాలుగు కాగితాలు

మా వీధిలో ఒక పెద్దావిడ ఉండేవారు. నేను ఖాలా అని పిలిచేవాణ్ణి, ఆవిడ నన్ను బేటా అనేవారు. షుగర్ ఉంది, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. మూడున్నరేళ్లలో నేను ఆవిడకు నాలుగుసార్లు కిడ్నీ పరీక్ష రాశాను. క్రియాటినిన్ అంటారు దాన్ని. మొదటిసారి 0.9 వచ్చింది, బాగుంది. రెండోసారి 1.2. కాస్త ఎక్కువే, కానీ ఆ రోజు గది బయట నలభై మంది ఉన్నారు. మూడోసారి 1.7. అప్పుడు భయం వేసింది. నొప్పి మాత్రలు పూర్తిగా మానేయండి, నెల తర్వాత మళ్లీ పరీక్ష చేయించండి అని చీటీ మీద రాసిచ్చాను. ఆవిడ నరసరావుపేటలో కూతురి దగ్గరికి వెళ్లారు. ఆ చీటీ ఎక్కడో పోయింది. మిగిలింది అంతకు రెండేళ్ల ముందు నేను రాసిన పాత చీటీ. అందులో డైక్లోఫెనాక్ ఉంది. మెడికల్ షాపులో దాన్ని చూపించి మాత్రలు తెచ్చుకుంటూ వచ్చారు. ఎనిమిది నెలల తర్వాత కాళ్ల వాపుతో వచ్చినప్పుడు నాలుగో రిపోర్టు 2.8.

పెద్దాసుపత్రికి పంపాను. అక్కడి కిడ్నీ డాక్టర్ గారు, ఇంట్లో ప్లాస్టిక్ కవర్లో దొరికిన ఆ నాలుగు కాగితాలు బల్ల మీద పక్కపక్కనే పరిచి నాకు ఫోన్ చేశారు. ఆయన నన్ను తిట్టలేదు. "నాలుగూ ఒకేసారి చూశారా డాక్టర్ గారూ?" అని మాత్రం అడిగారు. నేను చూడలేదు. ఒక్కొక్కటీ విడిగా చూశాను. విడిగా చూస్తే ఒక్కో అంకె, కలిపి చూస్తే మెట్లు దిగుతున్న మనిషి కనిపిస్తాడు. ఖాలా డయాలసిస్ మీద కొంతకాలం ఉండి అల్లాహ్ సన్నిధికి వెళ్లిపోయారు. షుగర్ వల్ల కూడా కిడ్నీలు దెబ్బతింటాయి కాబట్టి తప్పంతా మాత్రలదే అనను, నాదే అనను. కానీ నెల తర్వాత రావలసిన మనిషి రాలేదని నాకు గుర్తుచేసే ఏర్పాటు నా దగ్గర లేదు. ఇది మాత్రం నిజం.

‘ఎస్’ సొరుగు

మాది పాత గుంటూరు. మిర్చియార్డు హమాలీలు, ఆటో డ్రైవర్లు, ఇంట్లో కుట్టుపని చేసుకునే ఆడవాళ్లు మా రోగులు. క్లినిక్‌లో కార్డుల కోసం ఇంగ్లీషు అక్షరాల వరుసలో సొరుగులున్న ఇనుప బీరువా ఉండేది. కార్డులన్నీ ‘ఎస్’ సొరుగులోనే. ఎందుకంటే అందరూ షేక్‌లు, షేక్‌లు కానివాళ్లు సయ్యద్‌లు! ‘ఎక్స్’ సొరుగులో మా కాంపౌండర్ గారు టిఫిన్ బాక్సు పెట్టుకునేవారు.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, షేక్ మస్తాన్ వలీ పేరుతో మా దగ్గర పదికి పైగా కార్డులు ఉండేవి. ఒకరోజు ఒక మస్తాన్ వలీ గారి కార్డు తీసి ఇంకో మస్తాన్ వలీ గారికి మందు రాశాను. ఆయన కాగితం చూసి, "డాక్టర్ సాబ్, నాకు బీపీ ఎప్పుడు వచ్చింది?" అని అడిగారు కాబట్టి సరిపోయింది. అడగని మనిషి అయితే ఏమయ్యేది? ఒకే పేరు, ఇంగ్లీషులో షేక్ అన్న మాటకే మూడు నాలుగు స్పెల్లింగులు, పుట్టినతేదీ అడిగితే "ఆ తుఫాను వచ్చిన ఏడు" అన్న జవాబు. ఇలాంటి చోట రికార్డు ఎవరిదో తేల్చుకోవడమే సగం వైద్యం.

రాసిపెట్టడం మనకు కొత్త కాదు

రాసుకోవడం పాశ్చాత్యుల నుంచి వచ్చిన అలవాటని కొందరు అనుకుంటారు. తొమ్మిదో శతాబ్దంలో ఇస్‌హాఖ్ ఇబ్న్ అలీ అల్ రుహావీ ‘అదబ్ అల్ తబీబ్’ అనే గ్రంథంలో, వైద్యుడు రోగిని చూసిన ప్రతిసారీ పరిస్థితిని రాసిపెట్టాలని, అవసరమైతే ఇతర వైద్యులు ఆ రాతను చూసి వైద్యం సరిగా జరిగిందో లేదో తేల్చాలని చెప్పారు. మశూచికి, తట్టుకు తేడా వివరించిన అల్ రాజీ చూసిన రోగుల వివరాలను ఆయన శిష్యులు సంకలనం చేశారు. దాదాపు 900 కేసులు ఈనాటికీ మిగిలి ఉన్నాయి. దివ్యఖురాన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్, సూరా బఖరాలోని 282వ ఆయత్, అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకోమని చెప్పేదే. డబ్బు విషయంలోనే అంత జాగ్రత్త ఉంటే, ప్రాణం విషయంలో ఎంత ఉండాలో ఆలోచించండి.

ఇక మన చట్టాల మాట. 2002లో భారత వైద్య మండలి తెచ్చిన నియమావళి ప్రకారం, ఆసుపత్రిలో చేరిన రోగి రికార్డును డాక్టర్ మూడేళ్లు భద్రపరచాలి. రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. రికార్డులను కంప్యూటర్‌లోకి తెచ్చే ప్రయత్నం చేయాలని కూడా అందులోనే ఉంది. కేంద్ర ఆరోగ్యశాఖ ఎలక్ట్రానిక్ రికార్డులకు ప్రమాణాలు 2013లో ప్రకటించి 2016లో సవరించింది. 2021 సెప్టెంబర్ 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతటా మొదలైంది. మీలో చాలామంది దగ్గర ఉన్న 14 అంకెల ‘ఆభా’ నంబరు దాని కిందిదే. అంటే ఈరోజు కాకపోతే రేపైనా ఈ దారిలో నడవాల్సిందే. తొందరపడి పడిపోకుండా ఎలా నడవాలన్నదే ప్రశ్న.

మేం ఎలా మొదలుపెట్టాం

మొదట చేసిన తప్పు చెబుతాను. ఇరవై ఏళ్ల పాత కార్డులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించేద్దామని ఇద్దరు కుర్రాళ్లను పెట్టాను. నెల తిరిగేసరికి ‘ఎస్’ సొరుగులో పావు వంతు కూడా కాలేదు. ఎక్కించిన వాటిలో చాలామంది ఊరు విడిచిపోయినవారు, కొందరు చనిపోయినవారు. అప్పుడు పద్ధతి మార్చాం. ఎవరు వస్తే వారిది, వచ్చిన రోజే. అదీ ఐదే విషయాలు: మనిషి గుర్తింపు, పడని మందులు, ఎప్పటినుంచో ఉన్న జబ్బులు, ఇప్పుడు వాడుతున్న మందులు, బీపీ, షుగర్, క్రియాటినిన్, బరువు లాంటి ముఖ్యమైన అంకెలు. మిగతా పాత కాగితాలు బీరువాలోనే ఉన్నాయి.

గుర్తింపు కోసం ప్రతి కుటుంబానికి ఒక నంబరు, ఇంట్లో ఒక్కొక్కరికి దాని కింద వరుస సంఖ్య ఇచ్చాం. పేరుతో పాటు తల్లి పేరు, ఇంటి గుర్తు రాసుకుంటాం. జేబులో పెట్టుకునే చిన్న కార్డు మీద ఆ నంబరు ఉంటుంది. మస్తాన్ వలీ గార్లందరూ ఇప్పుడు వేర్వేరు మనుషులు, అల్హందులిల్లాహ్.

మొదటి మూడు నెలలూ నరకం చూశాను. నాకు టైపింగ్ రాదు. రెండు వేళ్లతో కొట్టేవాణ్ణి. సాయంత్రం తొమ్మిదికి అయ్యే క్లినిక్ పదిన్నర దాటేది. కాగితమూ రాసేవాణ్ణి, కంప్యూటర్‌లోనూ కొట్టేవాణ్ణి. రెండు పడవల మీద కాళ్లు. ఒక హమాలీ పెద్దాయన అయితే, "డాక్టర్ సాబ్, జ్వరం నాకా, మీ కంప్యూటర్‌కా? దానివైపే చూస్తున్నారు" అన్నాడు. గదిలో అందరూ నవ్వారు. నాకు మాత్రం సిగ్గేసింది. ఆ రాత్రే బల్ల తిప్పేశాను. ఇప్పుడు తెర నాకూ రోగికీ పక్కగా ఉంటుంది. ఇద్దరం కలిసి చూస్తాం. ముందు మనిషి మాట వింటాను, చేయి పట్టుకుని నాడి చూస్తాను, తర్వాతే టైపింగ్. షుగర్ గీత పైకి పోతుంటే రోగే వేలు పెట్టి చూపిస్తున్నాడు: "ఇక్కడ మా అమ్మాయి పెళ్లి సార్, స్వీట్లు తిన్నాను" అని. నేను వందసార్లు చెప్పినా ఎక్కనిది ఆ గీత ఒక్కసారిలో చెప్పింది.

కంప్యూటర్ చెప్పే అబద్ధం

కాగితం పోతుంది. కంప్యూటర్ పోగొట్టదు గానీ, అబద్ధం చెప్పగలదు. మేం కొన్న సాఫ్ట్‌వేర్‌లో షుగర్ రోగిని తెరిస్తే పరీక్ష వివరాలన్నీ ముందే ‘నార్మల్’ అని నిండి వచ్చేవి. మనం చూసి మార్చాలి. తొందరలో మార్చం. ఒకరోజు ఒక రోగి రికార్డు వెనక్కి తిరగేస్తే వరుసగా ఐదుసార్లు ‘రెండు పాదాలూ నార్మల్’ అని ఉంది. ఆ మనిషికి కుడికాలి బొటనవేలు అంతకుముందే తీసేశారు! నా చేతి రాత గజిబిజిగా ఉన్నా, లేని వేలు ఉందని నేనెప్పుడూ రాయలేదు. ఆ వెంటనే ముందే నింపి ఉంచే ఆ ఏర్పాటును తీసేయించాను. చూడనిది ఖాళీగా ఉండాలి. ఖాళీ నిజాయితీ గలది.

ఇంకో దెబ్బ హార్డ్ డిస్క్ పాడవడం. బ్యాకప్ తీస్తున్నాం కదా అని ధీమాగా ఉన్నాం. తీరా తెరిచి చూస్తే పదకొండు రోజుల నుంచి బ్యాకప్ ఆగిపోయి ఉంది. ఎవరూ చూడలేదు. ఇప్పుడు రెండు డిస్క్‌లు వాడుతున్నాం. ఒకటి క్లినిక్‌లో, ఒకటి మా ఇంట్లో. నెలకోసారి బ్యాకప్ నుంచి నిజంగా ఒక రికార్డు తెరిచి చూస్తాం. కరెంటు పోతే యూపీఎస్, అదీ ఆగిపోతే పక్కనే ఒక ముద్రించిన పుస్తకం సిద్ధం.

సాఫ్ట్‌వేర్ అమ్మేవారిని ఒక ప్రశ్న తప్పక అడగాలి: "రేపు మీ దగ్గర మానేస్తే మా రోగుల వివరాలు మాకు చదవగలిగే రూపంలో ఇస్తారా?" నేను మొదట అడగలేదు. తర్వాత మారాలనుకున్నప్పుడు ఆ వివరాలు బయటికి తీయడానికి విడిగా డబ్బు కట్టాల్సి వచ్చింది. ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లు కూడా ఉన్నాయి. ఛత్తీస్‌గఢ్‌లోని గనియారిలో పేదలకు వైద్యం చేసే జన్ స్వాస్థ్య సహయోగ్ ఆసుపత్రి కోసం మొదట తయారైన ‘బాహ్మ్ని’ అలాంటిదే. అయితే ఉచితం అన్నా నడిపే మనిషి కావాలి. బావి ఉచితమే, నీళ్లు తోడాలి కదా.

రంజాన్‌కు ముందు జాబితా

ఇంత కష్టం దేనికి అని మీరు అడగవచ్చు. ఒక్క ఉదాహరణ చెబుతాను.

షుగర్ ఉన్నవారు రోజా ఉండాలంటే నెలా రెండు నెలల ముందే డాక్టర్‌ను కలవాలి. గ్లిబెన్‌క్లమైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవారికి మధ్యాహ్నానికి షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది. మందు మార్చాలి, మోతాదు తగ్గించాలి, సహరీకీ ఇఫ్తార్‌కీ వేళలు సరిచేయాలి. కిడ్నీలు దెబ్బతిన్నవారికి రోజా వద్దని చెప్పాలి. ఆ మాట చెప్పడం కష్టం. ఇమామ్ సాబ్‌ను కూడా కలుపుకుని చెబుతాం. జబ్బుపడినవారికి ధర్మం ఇచ్చిన సడలింపు ఉందని ఆయన నోట వింటే వారి మనసు కుదుటపడుతుంది.

కానీ ఎవరెవరికి చెప్పాలి? కార్డుల రోజుల్లో, రంజాన్ మొదలయ్యాక కళ్లు తిరిగి పడిపోయి వచ్చినవారికే చెప్పేవాళ్లం. ఇప్పుడు షబే బరాత్‌కు ముందే, ‘షుగర్ ఉన్నవారు, ఫలానా మందులు వాడేవారు’ అని అడిగితే నిమిషాల్లో జాబితా వస్తుంది. మా నర్సమ్మ ఒక్కొక్కరికీ ఫోన్ చేసి పిలుస్తుంది. నెల తర్వాత పరీక్షకు రావలసిన వారి జాబితా కూడా ప్రతి సోమవారం వస్తుంది. ఆ జాబితా చూసినప్పుడల్లా నాకు ఖాలా గుర్తొస్తారు. కాగితం, వచ్చిన మనిషి గురించే చెబుతుంది. కంప్యూటర్, రాని మనిషిని కూడా గుర్తుచేస్తుంది. నేను ఈ పనికి పూనుకున్నది ఇందుకే.

ఫోన్ ఎవరి చేతిలో ఉంది?

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. ఇది నా సిగ్గు కూడా.

కంప్యూటర్ వచ్చాక రిపోర్టులు ఫోన్‌కు మెసేజ్‌గా పంపడం మొదలుపెట్టాం. చాలా సౌకర్యం అనుకున్నాం. కొత్తగా పెళ్లయిన ఒక అమ్మాయి గర్భ పరీక్ష చేయించుకుంది. రిజిస్టర్‌లో ఇచ్చిన నంబరు ఇంట్లో అందరిదీ, అంటే బావగారి దగ్గర ఉండే ఫోన్. ఆ అమ్మాయికి తెలియకముందే ఇల్లంతా తెలిసింది. పరీక్షలో ‘లేదు’ అని వచ్చింది. మరుసటి రోజు ఆ అమ్మాయి వచ్చి ఏమీ అనలేదు, కళ్లు మాత్రం ఎర్రగా ఉన్నాయి. "సార్, ఇంకోసారి నా పేరు మీద ఫోన్ చేయకండి" అంది. అంతే.

ఆ రోజు నాకు అర్థమైంది. చీటీ సొరుగులో ఉన్నప్పుడు రహస్యం కూడా సొరుగులో ఉండేది. కంప్యూటర్‌కు కాళ్లున్నాయి. ఒక్క వేలి నొక్కుతో రహస్యం ఊరు దాటుతుంది. అప్పటి నుంచి మా మెసేజ్‌లో ఒకే మాట: దయచేసి క్లినిక్‌కు రండి. ఏ ఫోన్‌కు పంపాలో, పంపవచ్చో లేదో, ఒంటరిగా అడుగుతాం, ముఖ్యంగా ఆడవారిని. టీబీ, మానసిక సమస్యలు, సంతానానికి సంబంధించినవి అసలు పంపం. ఎవరి పాస్‌వర్డ్ వారిదే. కాంపౌండర్‌కు కనిపించేది వేరు, నాకు కనిపించేది వేరు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా మనిషి సమ్మతి అడగాలనే చెబుతుంది. ‘ఆభా’ నంబరు కూడా ఇష్టపూర్వకమే. అది లేదని ఎవరినీ వైద్యం చేయకుండా వెనక్కి పంపకూడదు.

సొసైటీకి నా మనవి

పెద్దలు కోప్పడకుండా వినాలి. మన సొసైటీకి సహాయం పొందినవారి పేర్లు వార్షిక సంచికలో వేసే అలవాటు ఉంది. స్కాలర్‌షిప్ పొందిన పిల్లల పేర్లు వేయడం వారికి గౌరవం. కానీ వైద్యం పొందినవారి సంగతి వేరు. రేపు డిస్పెన్సరీలో కంప్యూటర్ పెడితే, ఒక్క బటన్ నొక్కితే ఎవరికి ఏ జబ్బు, ఎంత ఖర్చు అయిందో పేర్లతో సహా వచ్చేస్తుంది. దాతలకు లెక్క చెప్పాలన్న మంచి ఉద్దేశంతోనే ఎవరో ఒకరు ఆ జాబితా అడుగుతారు. పెళ్లి సంబంధాలు చూసేవారు కూడా ఈ వీధుల్లోనే ఉన్నారు. ఆ జాబితా వారి చేతికి చేరితే ఏమవుతుందో నేను చెప్పనక్కర్లేదు.

అందుకని నేను మూడు కోరుతున్నాను. మొదటిది, ఒక కంప్యూటర్, యూపీఎస్, రెండు బ్యాకప్ డిస్క్‌లు. పాతవైనా ఫర్వాలేదు, దాతలెవరైనా ఇవ్వవచ్చు. రెండోది, డిగ్రీ చదివి ఇంట్లో ఉన్న మన ఆడపిల్లల్లో ఒకరికి జీతమిచ్చి ఈ పని నేర్పించడం. ఇది ఊరికే చేసే సేవగా కాకుండా ఉద్యోగంగా ఉండాలి. ఊరికే చేసేవారు పరీక్షలప్పుడు, పెళ్లిళ్లప్పుడు రారు, తప్పు వారిది కాదు. మూడోది, ఈ రెండింటికంటే ముందు, కార్యవర్గం ఒక తీర్మానం చేయాలి: రోగుల వివరాలు చూసే డాక్టర్లూ సిబ్బందీ తప్ప, అధ్యక్షులైనా, దాతలైనా, ఎవరూ పేర్లతో ఉన్న రికార్డు అడగరాదు. దాతలకు అంకెలిద్దాం: ఎంతమందిని చూశాం, ఎంత మందు ఇచ్చాం. పేర్లు ఇవ్వవద్దు. ఆ తీర్మానం కాకపోతే, కంప్యూటర్ ఇప్పించినా డిస్పెన్సరీలో దాన్ని ఆన్ చేయవద్దని నేనే చెబుతాను. ‘ఎస్’ సొరుగే మేలు.

అమానత్ అంటే ఏమిటో మీకు తెలుసు. ఎవరో మన దగ్గర దాచమని ఇచ్చిన వస్తువు అడిగినప్పుడు దొరకాలి, ఇచ్చినట్టే ఉండాలి, ఇతరుల చేతిలో పడకూడదు. పేదవాడు డాక్టర్ దగ్గర డబ్బు దాచుకోడు. తన జబ్బు గురించిన నిజం దాచుకుంటాడు. ఖాలా విషయంలో అది అవసరమైనప్పుడు దొరకలేదు. వేలు లేని మనిషి విషయంలో ఇచ్చినట్టు లేదు. ఆ అమ్మాయి విషయంలో ఇతరుల చేతిలో పడింది. మూడు తప్పులూ నావే. మన డిస్పెన్సరీకి వచ్చేవారి విషయంలో అవి మళ్లీ జరగకుండా చూడమని మిమ్మల్ని కోరుతున్నాను.

అల్లాహ్ మనందరి సేవను స్వీకరించుగాక, మన దగ్గర ఉన్న అమానత్‌లను కాపాడే శక్తిని ప్రసాదించుగాక. ఆమీన్.

వస్సలాం.